అంతరిక్షం నుంచి ఇంటికి ఫోన్: 400 కిలోమీటర్ల దూరానికి 70 వేల కిలోమీటర్ల ప్రయాణం

అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో రక్తం గడ్డకట్టే జబ్బులకు వైద్యం చేసే నిపుణుడు డాక్టర్ స్టెఫాన్ మోల్. ఒక రోజు ఆయన ఇంటి ఫోన్ మోగింది. ఆయన భార్య ఫోన్ ఎత్తారు. అంతరిక్షం నుంచి మీకు ఫోన్ వచ్చిందంటూ ఆయన చేతికి ఇచ్చారు. అవతల మాట్లాడుతున్నది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఒక వ్యోమగామి.

ఆరు నెలల యాత్రలో అప్పటికి రెండు నెలలు గడిచాయి. ఒక పరిశోధన కోసం చేసిన అల్ట్రాసౌండ్ పరీక్షలో ఆ వ్యోమగామి మెడలోని సిరలో రక్తం గడ్డకట్టినట్లు బయటపడింది. నొప్పి లేదు, వాపు లేదు. కానీ ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే ప్రాణానికే ముప్పు. కేంద్రంలో రక్తాన్ని పలుచన చేసే ఇంజెక్షన్లు కొద్దిగానే ఉన్నాయి. సరకుల నౌక మాత్రలు తెచ్చేదాకా వాటిని పొదుపుగా వాడాలి. ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది నాసా వైద్యులు, మోల్ కలిసి లెక్కగట్టారు. సుమారు 40 రోజులు ఇంజెక్షన్లు, తర్వాత మాత్రలు. మొత్తం మూడు నెలలకు పైగా సాగిన ఈ చికిత్సలో వైద్యుడికీ రోగికీ మధ్య ఉన్న దారులు రెండే: ఈ-మెయిల్, ఫోన్. వ్యోమగామి క్షేమంగా భూమికి తిరిగొచ్చారు. పేరు, తేదీలు చెప్పకుండా ఈ కేసును 2020 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది.

ఇంతకీ ఆ ఫోన్ ఎలా మోగింది? టవర్ లేదు, తీగ లేదు. పైగా ఫోన్ చేస్తున్న మనిషి గంటకు సుమారు 28 వేల కిలోమీటర్ల వేగంతో భూమి చుట్టూ తిరుగుతున్నారు.

అది ఫోన్ కాదు, ల్యాప్‌టాప్

అంతరిక్ష కేంద్రంలో డయల్ తిప్పే ఫోన్ గానీ, సిమ్ వేసిన మొబైల్ గానీ ఉండవు. ఉన్నది ల్యాప్‌టాప్‌లోని ఒక సాఫ్ట్‌వేర్. వ్యోమగామి హెడ్‌సెట్ పెట్టుకుని, తెరపై నంబరు నొక్కుతారు. దీన్నే సాఫ్ట్‌ఫోన్ అంటారు. పని చేసే పద్ధతి ఇంటర్నెట్ టెలిఫోనీ. అంటే గుంటూరులో ఉన్న తల్లి డల్లాస్‌లోని కూతురితో వాట్సాప్‌లో మాట్లాడేటప్పుడు జరిగే పనే ఇక్కడా జరుగుతుంది.

పాత టెలిఫోన్ పద్ధతిలో ఒక కాల్ నడుస్తున్నంత సేపూ ఇద్దరి మధ్య ఒక దారి పూర్తిగా వారికే కేటాయించి ఉండేది. మాట్లాడినా, మౌనంగా ఉన్నా ఆ దారి ఖాళీ అయ్యేది కాదు. ఇంటర్నెట్ టెలిఫోనీలో అలా కాదు. మైకులో పడ్డ గొంతును కంప్యూటర్ సెకనుకు వేల సార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. టెలిఫోన్ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న ప్రమాణం ప్రకారం సెకనుకు 8,000 కొలతలు, ఒక్కో కొలతకు 8 బిట్లు. అంటే సెకనుకు 64 వేల బిట్లు. ఈ అంకెల వరుసను చిన్న చిన్న పొట్లాలుగా కడతారు. సాధారణంగా ఒక్కో పొట్లంలో 20 మిల్లీసెకన్ల మాట ఉంటుంది. సెకనుకు 50 పొట్లాలన్న మాట. ప్రతి పొట్లం మీద చేరాల్సిన చిరునామా, వరుస సంఖ్య, సమయం రాసి ఉంటాయి. అవతలి యంత్రం వాటిని వరుసలో పేర్చి మళ్లీ గొంతుగా మారుస్తుంది.

ఈ-మెయిల్‌లో ఒక్క పొట్లం పోయినా మళ్లీ పంపమని అడగవచ్చు. ఫోన్‌లో ఆ వీలు లేదు. పోయిన మాట రెండు సెకన్ల తర్వాత వస్తే ఏం ప్రయోజనం? అందుకే ఇంటర్నెట్ టెలిఫోనీ తప్పిపోయిన పొట్లాన్ని వదిలేసి ముందుకు సాగుతుంది. ఒకటీ అరా పోయినా చెవి పట్టించుకోదు. ఎక్కువగా పోతే గొంతు తెగిపోతుంది, రోబో మాట్లాడినట్లు వినిపిస్తుంది. పొట్లాలు ముందూ వెనుకా అవకుండా చూసేందుకు అవతలి యంత్రం వాటిని కాసేపు నిలిపి ఉంచి, తర్వాత వినిపిస్తుంది. ఈ నిలుపుదల వల్ల మాట సాఫీగా వస్తుంది కానీ ఆలస్యం కొంత పెరుగుతుంది.

ఈ పద్ధతి అంతరిక్షానికి బాగా నప్పడానికి కారణం ఉంది. కేంద్రం నుంచి కిందికి ప్రయోగాల సమాచారం, వీడియోలు, ఈ-మెయిళ్లు అన్నీ ఒకే రేడియో దారిలో వస్తాయి. గొంతు కూడా అంకెల పొట్లాలే అయినప్పుడు దానికి వేరే దారి వేయక్కర్లేదు. మిగతా రద్దీతో కలిసి ప్రయాణిస్తుంది. 2019లో నాసా ఈ దారి సామర్థ్యాన్ని సెకనుకు 300 మెగాబిట్ల నుంచి 600 మెగాబిట్లకు పెంచింది. అందులో ఒక ఫోన్ కాల్ తీసుకునే చోటు సముద్రంలో చెంబెడు నీళ్లంత.

పైకి వెళ్లి కిందికి

అంతరిక్ష కేంద్రం భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. హైదరాబాద్ నుంచి తిరుపతికి నేరుగా గీత గీస్తే వచ్చే దూరం దాదాపు అంతే. అంత దగ్గర్లో ఉన్నప్పుడు నేరుగా కిందికి పంపితే సరిపోదా?

సరిపోదు. కేంద్రం సుమారు 90 నిమిషాల్లో భూమిని ఒకసారి చుట్టేస్తుంది. నేల మీద ఒక చోట నిలబడ్డ యాంటెన్నాకు అది ఇటు దిగంతంలో కనిపించి అటు దిగంతంలో మాయమయ్యేదాకా పట్టే సమయం పది నిమిషాలకు మించదు. ఎప్పుడూ మాట్లాడాలంటే భూమి నిండా, సముద్రాల మీద కూడా యాంటెన్నాలు పెట్టాలి.

దీనికి నాసా కనుక్కున్న మార్గం మాటను ముందు పైకి పంపడం. భూమధ్యరేఖకు పైన సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, భూమితో సమానంగా తిరిగే రిలే ఉపగ్రహాలు ఉన్నాయి. వీటిని టీడీఆర్‌ఎస్ అంటారు. మొదటిది 1983 ఏప్రిల్‌లో వెళ్లింది. రెండోది 1986 జనవరిలో చాలెంజర్ షటిల్‌తో పాటే ధ్వంసమైంది. అంత ఎత్తు నుంచి చూస్తే భూగోళంలో పెద్ద భాగం, దాని మీదుగా పోయే అంతరిక్ష కేంద్రం చాలాసేపు కనిపిస్తాయి. కేంద్రంలోని యాంటెన్నా ఈ ఉపగ్రహం వైపు తిరిగి సంకేతాన్ని పంపుతుంది. ఉపగ్రహం దాన్ని న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ కేంద్రానికి గానీ, పసిఫిక్‌లోని గువామ్ దీవికి గానీ దించుతుంది. అక్కడి నుంచి భూమి మీది తీగల్లో నాసా కార్యాలయాలకు, చివరికి సాధారణ టెలిఫోన్ వ్యవస్థలోకి చేరుతుంది.

అంటే 400 కిలోమీటర్ల దిగువన ఉన్న మనిషిని పలకరించడానికి మాట 70 వేల కిలోమీటర్లకు పైగా తిరిగి వస్తుంది. టెలిఫోన్ కంపెనీకి మాత్రం ఇదేమీ తెలియదు. దాని లెక్కలో అది అమెరికాలోని ఒక కార్యాలయం నుంచి వచ్చిన మామూలు కాల్.

హిందూ మహాసముద్రం మీద మూగబోయిన కాలం

ఈ వ్యవస్థలో ఒకప్పుడు పెద్ద లోటు ఉండేది. అది సరిగ్గా భారతదేశానికి దక్షిణాన ఉండేది. రిలే ఉపగ్రహాలన్నీ వైట్ శాండ్స్ యాంటెన్నాలకు కనిపించే చోటే ఉండాలి. ఒకటి అమెరికాకు తూర్పున, ఇంకొకటి పడమర. ఆ రెండింటి చూపూ అందని ప్రాంతం భూగోళానికి అవతలి వైపున, హిందూ మహాసముద్రం మీద మిగిలిపోయింది. షటిల్ అక్కడికి వచ్చేసరికి నాసాతో సంబంధం తెగిపోయేది. 1990లలో ముందు ఆస్ట్రేలియాలో, తర్వాత గువామ్‌లో నేల కేంద్రం పెట్టి, వాటికి కనిపించేలా మరో ఉపగ్రహాన్ని నిలిపిన తర్వాతే ఆ లోటు తీరింది.

అయినా కాల్స్ ఇప్పటికీ తెగుతుంటాయి. ఒక ఉపగ్రహం చూపు నుంచి ఇంకోదాని చూపులోకి మారేటప్పుడు, కేంద్రం సౌర ఫలకాలు యాంటెన్నాకు అడ్డు వచ్చినప్పుడు సంకేతం పోతుంది. ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ముందే లెక్కగట్టి వ్యోమగాముల దినచర్య పట్టికలో చూపిస్తారు. ఇంటికి ఫోన్ చేయాలనుకున్న వ్యోమగామి ముందు ఆ పట్టిక చూసుకోవాలి.

ఆలస్యం, తప్పు నంబర్లు

రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 70 వేల కిలోమీటర్లకు దాదాపు పావు సెకను. జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు సెకను. పొట్లాలు కట్టడం, విప్పడం, నిలిపి ఉంచడం కలిపితే జవాబు కోసం ఒక సెకను దాకా, ఒక్కోసారి అంతకు మించి ఆగాల్సి వస్తుంది. ఫోన్ సంభాషణ హాయిగా సాగాలంటే మాట ఒక వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు మించకూడదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫార్సు. అంతరిక్షం నుంచి వచ్చే కాల్ ఆ గీతను మొదటి అడుగులోనే దాటేస్తుంది.

ఫలితం తెలిసిందే. హలో అని ఫోన్ ఎత్తిన వారికి అవతల నుంచి ఏమీ వినబడదు. ఏదో అమ్మకాల కాల్ అనుకుని పెట్టేస్తారు. పెట్టకపోతే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. అలవాటైన కుటుంబాలు ఒకరు ముగించేదాకా ఇంకొకరు ఆగడం నేర్చుకుంటాయి.

2015 డిసెంబరులో బ్రిటన్ వ్యోమగామి టిమ్ పీక్ తల్లిదండ్రులకు ఫోన్ చేస్తే వారు ఇంట్లో లేరు. ఆన్సరింగ్ మెషీన్‌లో సందేశం వదలాల్సి వచ్చింది. క్రిస్మస్ ముందు రోజు ఆయన చేసిన మరో కాల్ ఎవరో తెలియని మహిళకు వెళ్లింది. ఇది భూగ్రహమేనా అని ఆయన అడిగారు. అది ఆకతాయి కాల్ కాదని, తప్పు నంబరని తర్వాత ట్విటర్‌లో క్షమాపణ చెప్పుకున్నారు.

నెదర్లాండ్స్ వ్యోమగామి ఆండ్రే కైపర్స్‌కు ఎదురైంది ఇంకా గట్టి తప్పు. ఫోన్ నాసా కార్యాలయం నుంచి వెళ్తుంది కాబట్టి బయటి లైన్ కోసం ముందు 9 నొక్కాలి. విదేశానికి చేయాలంటే తర్వాత 011. ఆ మధ్యలోని సున్నా తప్పిపోతే మిగిలేది 911. అది అమెరికాలో అత్యవసర సేవల నంబరు. హ్యూస్టన్‌లో భద్రతా సిబ్బంది కదిలారు. మీరు 911కు ఫోన్ చేశారా అని మర్నాడు కైపర్స్‌కు ఈ-మెయిల్ వచ్చింది. ఇండియాకు చేయాలన్నా వరుస ఇదే: 9, 011, ఆపైన 91.

తిరిగి చేయడం కుదరదు

ఈ ఫోన్‌కు ఒక కచ్చితమైన నియమం ఉంది. పైనున్న వారే కిందికి చేయగలరు. కింద నుంచి పైకి ఎవరూ చేయలేరు, కుటుంబ సభ్యులు కూడా. అక్కడి వారి రోజు నిమిషాల లెక్కన గడుస్తుంది. గడియారం గ్రీనిచ్ సమయం ప్రకారం నడుస్తుంది, అంటే భారత కాలమానానికి ఐదున్నర గంటలు వెనుక. నిద్రపోతున్నారో, ప్రయోగంలో ఉన్నారో బయటి వారికి తెలియదు. కేంద్రం కంప్యూటర్లను బయటి నెట్‌వర్క్‌ల నుంచి వేరుగా ఉంచడం భద్రతకూ అవసరం.

దీని బరువు మోసేది కుటుంబాలే. ఫోన్ వచ్చినప్పుడు ఎత్తకపోతే మళ్లీ చేసే దారి లేదు. అందుకే స్నానానికి వెళ్లినా ఫోన్ పక్కన పెట్టుకునే పరిస్థితి. ఈ కాల్స్ కాక, వారానికోసారి కుటుంబంతో వీడియోలో ఏకాంతంగా మాట్లాడే ఏర్పాటు నాసా చేస్తుంది.

అంతకు ముందు

అంతరిక్షంలోని వారికి భూమి మీది ఫోన్‌ను కలపడం కొత్త కాదు. 1969 జులై 20న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ తన కార్యాలయంలోని టెలిఫోన్ నుంచి చంద్రుడి మీదున్న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్‌లతో మాట్లాడారు. హ్యూస్టన్ ఆ ఫోన్ లైన్‌ను రేడియోతో కలిపింది. 1984 ఏప్రిల్‌లో సాల్యూట్-7లో ఉన్న రాకేశ్ శర్మతో ఇందిరా గాంధీ మాట్లాడిన దృశ్యం దేశమంతా టీవీలో చూసింది. కానీ ఇవన్నీ ముందే సమయం కుదిర్చి, ప్రపంచం వింటుండగా జరిగినవి. ఇంటి సంగతులు మాట్లాడుకునే చోటు అది కాదు.

కొంత స్వేచ్ఛ ఇచ్చింది హామ్ రేడియో. 1983లో కొలంబియా షటిల్ నుంచి ఓవెన్ గ్యారియట్ తొలిసారి నేల మీది హామ్‌లతో మాట్లాడారు. ఆ సంప్రదాయం ఇంకా సాగుతోంది. 2025 జూన్ 26న అంతరిక్ష కేంద్రం చేరిన శుభాంశు శుక్లా, ప్రధాని మోదీతో జూన్ 28న వీడియోలో మాట్లాడారు. జులై 4న బెంగళూరులోని యు.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రంతో హామ్ రేడియోలో మాట్లాడారు. ఈ రెండింటికీ తేడా ఉంది. వీడియో రిలే ఉపగ్రహాల మీదుగా వస్తుంది. హామ్ రేడియో సంకేతం నేరుగా కిందికి దిగుతుంది, అందుకే పది నిమిషాల్లో ముగుస్తుంది. పైగా ఎవరైనా వినవచ్చు.

ఇంటర్నెట్ టెలిఫోనీ తెచ్చిన మార్పు ఇదే. ఎవరితో, ఎప్పుడు మాట్లాడాలన్నది వ్యోమగామి చేతికి వచ్చింది. 2010 జనవరి 22న టీజే క్రీమర్ అంతరిక్షం నుంచి ఎవరి సాయం లేకుండా తొలి ట్వీట్ చేసిన నాటికి కేంద్రంలో వెబ్ చూసే వీలు కూడా వచ్చింది.

చెడు వార్త వచ్చిన రోజు

2011 జనవరి 8న అరిజోనాలో ఒక సభ దగ్గర జరిగిన కాల్పుల్లో అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబ్రియెల్ గిఫర్డ్స్ తలకు తూటా తగిలింది. ఆమె భర్త మార్క్ కెల్లీ వ్యోమగామి. మార్క్ కవల సోదరుడు స్కాట్ ఆ రోజు అంతరిక్ష కేంద్రానికి కమాండర్‌గా పైనున్నారు. సోదరుడి పక్కన నిలబడే దారి లేదు. ఫోన్‌లో మాట్లాడటం, సంకేతం పోయినప్పుడు తిరిగి వచ్చేదాకా ఎదురుచూడటం మాత్రమే చేయగలిగారు.

2007 డిసెంబరులో డేనియల్ తాని పైన ఉండగా ఆయన తల్లి కారు ప్రమాదంలో చనిపోయారు. అంత్యక్రియలకు రాలేకపోయారు. ఎనిమిది రోజుల కోసమని 2024 జూన్‌లో వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ 286 రోజుల తర్వాత గానీ తిరిగి రాలేదు. ఇలాంటి వేళ ఫోన్ ఒక సౌకర్యం మాత్రమే కాదు. మనిషి నిబ్బరంగా పని చేయడానికి గాలి, నీరు లాంటి అవసరం.

భారత్‌కు సొంత దారి

ఇప్పటిదాకా పైనుంచి భారత్‌కు వచ్చిన మాట ఏదైనా ఇతర దేశాల వ్యవస్థల మీదుగా వచ్చిందే. శ్రీహరికోట నుంచి బయలుదేరే గగన్‌యాన్ వ్యోమగాములకు ఆ ఏర్పాటు ఇస్రోయే చేయాలి. 400 కిలోమీటర్ల కక్ష్యలో ముగ్గురిని మూడు రోజులు ఉంచి తేవాలన్నది లక్ష్యం. నేల కేంద్రాలనే నమ్ముకుంటే ఒక్కో చోట కొద్ది నిమిషాలే సంబంధం ఉంటుంది. మిగతా కక్ష్య అంతా మౌనమే. అందుకే ఇస్రో టీడీఆర్‌ఎస్ తరహాలో సొంత డేటా రిలే ఉపగ్రహాలను ప్రణాళికలో చేర్చింది. 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రం కట్టాలన్న లక్ష్యం నెరవేరితే వాటి అవసరం ఇంకా పెరుగుతుంది. మూడు రోజుల యాత్రలో మాట తెగితే సర్దుకోవచ్చు. నెలల తరబడి ఉండేవారికి అది కుదరదు.

మరో దారి కూడా తెరుచుకుంటోంది. 2024 సెప్టెంబరులో పొలారిస్ డాన్ యాత్రలో వ్యోమనౌకను లేజర్ కిరణంతో స్టార్‌లింక్ ఉపగ్రహాలకు కలిపారు. సారా గిలిస్ నౌకలో వాయించిన వయోలిన్ ఆ దారిలోనే భూమికి చేరింది. ఈ ఉపగ్రహాలు కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటాయి. 36 వేల కిలోమీటర్లు ఎక్కి దిగే పని లేకపోవడంతో ఆలస్యం బాగా తగ్గుతుంది.

ఎక్కడిదాకా ఫోన్, ఎక్కడి నుంచి ఉత్తరం

దూరం పెరిగే కొద్దీ సాంకేతికత చేయగలిగింది తగ్గుతుంది. చంద్రుడు సుమారు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. మాట చేరడానికి 1.3 సెకన్లు, జవాబుకు ఇంకో 1.3 సెకన్లు. ఓపిక ఉంటే మాట్లాడుకోవచ్చు. అక్కడ మొబైల్ నెట్‌వర్క్ పెట్టే ప్రయత్నమూ మొదలైంది. 2025 మార్చిలో నోకియా పరికరాలతో చంద్రుడి మీద దిగిన ల్యాండర్ పక్కకు ఒరిగిపోయింది. నెట్‌వర్క్‌కు కొద్దిసేపు కరెంటు అందింది కానీ తొలి కాల్ జరగలేదు.

అంగారకుడితో ఆ ముచ్చట కూడా లేదు. రెండు గ్రహాలు దగ్గరగా ఉన్నప్పుడు మాట చేరడానికి మూడు నిమిషాలు, దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాల దాకా పడుతుంది. ఎలా ఉన్నావు అని అడిగితే బాగున్నాను అనే జవాబుకు ముప్పావు గంట. కాంతి కన్నా వేగంగా పోయేది ఏదీ లేదు కాబట్టి ఏ కొత్త ఉపగ్రహమూ దీన్ని తగ్గించలేదు. ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరైన వింట్ సెర్ఫ్ తదితరులు అందుకే వేరే పద్ధతి రూపొందించారు. దారి తెరుచుకునేదాకా సందేశాన్ని మధ్యలోని ప్రతి మజిలీ దాచిపెట్టుకుని, వీలైనప్పుడు ముందుకు పంపుతుంది. పాత తపాలా పద్ధతి లాంటిదే. 2016 నుంచి అంతరిక్ష కేంద్రంలో ఇది పనిచేస్తోంది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మెడలో రక్తం గడ్డకట్టిన వ్యోమగామి డాక్టర్‌ను అడిగి, వెంటనే సమాధానం విని, మళ్లీ ప్రశ్న వేయగలిగారు. అంగారక యాత్రలో ఆ సంభాషణ ఉత్తరాల రాకపోకలుగా మారుతుంది. అత్యవసర వైద్యం తెలిసిన వారు, చాలినన్ని మందులు, తమంతట తాము నిర్ణయం తీసుకునే అధికారం నౌకలోనే ఉండాలి. కుటుంబాలు కూడా ఫోన్ కోసం కాకుండా రికార్డు చేసిన సందేశం కోసం ఎదురుచూడటానికి సిద్ధపడాలి. ఒక సెకను ఆలస్యంతో, తరచూ తెగిపోతూ వచ్చే నేటి ఫోన్ కాల్ ఎంత విలువైనదో ఆ యాత్రకు బయలుదేరే వారికే బాగా తెలుస్తుంది.